మంచు ఊళ్లో బండ్ట్ పాన్: నాలుగు చలికాలాలు వాడాక

అంతా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. మీరు అయిదు నెలలు చలి ఉండే ఊళ్లో ఉంటూ, ఇంట్లో పెద్ద ఓవెన్ ఉండి కూడా దాన్ని మూకుళ్లూ పెనాలూ దాచుకోవడానికే వాడుతుంటే, నార్డిక్ వేర్ వాళ్ల ఒరిజినల్ బండ్ట్ పాన్ ఒకటి కొనుక్కోండి. మధ్యలో గొట్టం, చుట్టూ మడతలు మడతలుగా ఉండే గుండ్రటి కేకు అచ్చు అది. నేను 2023 జనవరిలో కొన్నాను, ఇది నాలుగో చలికాలం. ఈ నాలుగు చలికాలాల్లో మా వంటింట్లో ప్రెషర్ కుక్కర్ తర్వాత ఎక్కువగా బయటికి తీసింది దీన్నే. కేకు గిన్నె గురించి ఇంత రాయాలా అనుకోవచ్చు. కానీ నేను కొనేముందు, మన పిండివంటలు వండే అలవాటున్నవాళ్లు ఎవరైనా దీన్ని వాడి చెప్పారేమో అని తెలుగులో వెతికితే ఏమీ దొరకలేదు. అందుకే వివరంగా రాస్తున్నా.

మేముండేది మిన్నెసోటాలో, మినియాపొలిస్ శివార్లలో. నేను పుట్టి పెరిగింది మండపేట. అంటే తాపేశ్వరం కాజా పక్కూరు నుంచి వచ్చేది మాకు, డబ్బా తెరిస్తే పాకం వాసన వీధి అరుగు దాకా వచ్చేది. అలాంటి ఊరు నుంచి వచ్చి, నవంబరులో మొదలైన మంచు ఏప్రిల్ దాకా నేల కనపడనివ్వని ఊళ్లో పడ్డాను. 2022-23 చలికాలం నాకు బాగా గుర్తు. ఆ ఒక్క సీజన్లో ఇక్కడ 90.3 అంగుళాల మంచు పడింది, ఈ ఊరి రికార్డుల్లో అది మూడో స్థానం. డ్రైవ్‌వేకి, అంటే ఇంటి ముందు కారు దారికి, రెండు పక్కలా మేం తోసిన మంచు మా అమ్మాయి తల దాటిపోయింది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గూకిపోతుంది, స్కూలు బస్సు దిగి పిల్ల ఇంట్లోకి వచ్చేసరికి చీకటి. ఆ చీకట్లో ఏదైనా వేడిగా, తియ్యగా నోట్లో పడితే బావుండు అనిపించడం ఎలా ఉంటుందో చలిదేశాల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

మనకి తీపి అంటే ముందు మూకుడు పెట్టడమే అలవాటు. కాజాలు, అరిసెలు, బూరెలు, అన్నీ నూనెలో తేలాల్సినవే. ఇక్కడ చలికాలంలో అదే పెద్ద చిక్కు. బయట మైనస్ 20 ఉంటే కిటికీ తెరవలేం. నూనె కాగి రెండో వాయి వేసేసరికి పొగ అలారం మోగుతుంది, పిల్ల చెవులు మూసుకుని పైకి పరిగెడుతుంది, మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతాడు. పోనీ అది సర్దుకుంటుంది, వాసన మాత్రం పోదు. ఇంటి ముందు గదిలో కొక్కేలకి తగిలించిన చలికోట్లు ఉంటాయి చూడండి, వాటిలోకి ఆ నూనె వాసన ఎక్కి కూర్చుంటుంది. అవేమో వారం వారం ఉతికేవి కావు. ఒకసారి జంతికలు వండిన మర్నాడు పిల్ల కోటు వేసుకుంటూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఏమీ అనకుండా వేసుకుని బస్సెక్కింది. అది ఏమన్నా అని ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. ఏమీ అనకపోవడం నాకు పట్టుకుంది. ఆ రోజు నుంచి చలికాలంలో ఇంట్లో బాణలి పెట్టి వేపుడు పెట్టుకోలేదు. తలుపులు మూసుకుని బతికే కాలానికి ఓవెనే సరైన పొయ్యి అని అప్పుడే అర్థమైంది. పొగ రాదు, నూనె చిందదు, పైగా ఓవెన్ వేసిన గంటసేపు వంటిల్లు మొత్తం వెచ్చగా ఉంటుంది.

కానీ అప్పటికి మా ఓవెన్ గిన్నెల బీరువా. పై అరలో దోసె పెనం, కింద మూకుళ్లు, ఒక మూలన కుక్కర్ మూత. చలికాలంలో వాటిని బయటికి తీసి, లోపల లైటు వేసి, దోసెల పిండి గిన్నె పెట్టి పులియబెట్టుకోవడం తప్ప దానితో నాకు పెద్దగా వేరే పని లేదు. ఇక్కడున్న మన ఇళ్లలో సగం ఓవెన్లు ఇలాగే ఉంటాయి, మీకూ తెలుసు.

ఈ పాన్ మా ఇంట్లోకి రావడానికి కారణం పక్కింటి పెద్దావిడ. డెబ్బై దాటాయి, వాళ్ల పెద్దలు నార్వే నుంచి వచ్చినవాళ్లు. ఆ ఏడాది మొదటి పెద్ద మంచు పడ్డ రోజు మా ఆయన తన డ్రైవ్‌వేతో పాటు ఆవిడదీ తోసిపెట్టాడు. సాయంత్రం ఆవిడ ఒక పళ్లెంలో సగం కేకు పెట్టి తెచ్చిచ్చింది. నిమ్మకాయ తొక్క కోరు, గసగసాలు వేసిన కేకు. గసగసాలు మనకి కుర్మాలోకి, మసాలాలోకి తెలుసు గానీ కేకులో పంటికింద అలా చిటపటలాడతాయని నాకు తెలీదు. కేకు అయిపోయింది, పళ్లెం మిగిలింది. ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వకూడదు కదా, సున్నుండలు చేసి పెట్టి ఇచ్చాను. వారం తిరక్కుండా అదే పళ్లెంలో ఇంకో కేకు వచ్చింది. ఆవిడకీ వాళ్ల అమ్మ అదే నేర్పిందట, ఎవరి గిన్నే ఖాళీగా పంపకూడదని. ఆ పళ్లెం ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ చేత్తో పాన్ పట్టుకొచ్చి చూపించింది, వాళ్ల అమ్మ వాడినది. నలభై యాభై ఏళ్లనాటి అల్యూమినియం, బయట పక్క నల్లబడింది గానీ లోపల ఒక్క సొట్ట లేదు. ఎక్కడ కొన్నారంటే నవ్వి, ఇక్కడికి ఇరవై నిమిషాల దూరంలోనే తయారవుతుంది వెళ్లి తెచ్చుకో అంది.

నిజమే. నార్డిక్ వేర్ ఫ్యాక్టరీ సెయింట్ లూయిస్ పార్క్‌లో, హైవే 7 పక్కన ఉంది, అక్కడే వాళ్ల దుకాణం కూడా ఉంది. ఒక శనివారం మంచు కాస్త తెరిపి ఇచ్చాక వెళ్లాం. లోపలికి అడుగుపెట్టగానే నన్ను ఆపింది కేకు పాన్ కాదు, గులాబీ పువ్వుల అచ్చు. అవునండీ, మనం సంక్రాంతికి గులాబీ పువ్వులు వేస్తాం చూడండి, పొడుగాటి కడ్డీ చివర పువ్వు ఆకారంలో ఇనుప అచ్చు, దాన్ని నూనెలో కాచి పిండిలో ముంచి మళ్లీ నూనెలో పెడితే పువ్వు విడిపోతుంది. సరిగ్గా అదే. దాని పక్కనే మన గుంత పొంగనాల పెనం లాంటి పెనం. స్వీడన్, నార్వే, డెన్మార్క్ వాళ్లకి ఇవన్నీ పండగ వంటలట. డేవ్ డాల్‌క్విస్ట్, ఆయన భార్య డాటీ 1946లో ఈ కంపెనీ పెట్టినప్పుడు మొదట చేసి అమ్మినవి ఇలాంటివే, ఇక్కడ స్థిరపడ్డ స్కాండినేవియా వాళ్ల వంటసామాన్లు. ఎక్కడి గోదావరి, ఎక్కడి నార్వే! పిండిని ఇనప పువ్వుకి అంటించి నూనెలో వేపాలనే ఆలోచన రెండు చోట్లా ఉందంటే నాకు కాసేపు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. మా అమ్మ పెట్టెలో ఉన్న అచ్చు ఫోటో తీయించి తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశాను తర్వాత. రేకుల సంఖ్య తేడా తప్ప అంతా ఒకటే.

బండ్ట్ పాన్ కథ కూడా ఇలాంటిదే. 1950లో మినియాపొలిస్‌లోని హడాస్సా అనే యూదు మహిళల సంఘం నుంచి కొందరు ఆడవాళ్లు డాల్‌క్విస్ట్ దగ్గరికి వచ్చి, ఐరోపాలో తమ పెద్దలు కూగెల్‌హాఫ్ అనే కేకు చేసుకునే పాతకాలపు గిన్నె లాంటిది ఇక్కడ దొరకట్లేదు, చేసిపెట్టమని అడిగారు. ఆయన దాన్ని బరువుగా కాకుండా పోత అల్యూమినియంతో పోసి ఇచ్చాడు. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1966లో పిల్స్‌బరీ అనే పిండి కంపెనీ వాళ్లు పెట్టిన వంటల పోటీలో ఎల్లా హెల్ఫ్రిచ్ అనే ఆవిడ ఇదే అచ్చులో టన్నెల్ ఆఫ్ ఫడ్జ్ అనే చాక్లెట్ కేకు చేసి రెండో బహుమతి తెచ్చుకున్నాక, ఆ గిన్నె ఎక్కడ దొరుకుతుందని దేశమంతటి నుంచీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అక్కణ్నుంచి ఇప్పటిదాకా కోట్లలో అమ్ముడుపోయింది. నాకు మాత్రం పోటీ కంటే ముందు జరిగిన సంగతే ముఖ్యం. సొంత ఊరు వదిలి వచ్చిన ఇంటి ఆడవాళ్లు, అమ్మమ్మ చేసిన కేకు మళ్లీ తినాలని, ఒక లోహం పోసేవాడి దగ్గరికి వెళ్లి ఇలాంటి గిన్నె చెయ్యి నాయనా అని అడిగారు. మనం ఇత్తడి సామాన్ల దుకాణానికి వెళ్లి అడిగినట్టే. ఈ గిన్నెలో నేను బెల్లం, కొబ్బరి, యాలకులు వేసి చేస్తుంటే అది పరాయి గిన్నె అని నాకెప్పుడూ అనిపించలేదు.

మధ్యలో ఆ గొట్టం ఎందుకంటే, గారెకి చిల్లు ఎందుకు పెడతామో అందుకే. పిండి దళసరిగా ఉంటే అంచులు కాలిపోయినా నడిమి పచ్చిగా ఉండిపోతుంది. గొట్టంలోంచి వేడి పైకి పోతూ నడిమి పిండిని కూడా ఉడికిస్తుంది. మనం చేసే రవ్వ, బెల్లం, కొబ్బరి లాంటి బరువైన పిండికి మామూలు గుండ్రటి కేకు టిన్ను కంటే ఇది ఎంతో నయం. దీనికి ముందు ఒక సూపర్ మార్కెట్లో చవగ్గా దొరికిన పలచటి రేకు టిన్ను ఒకటి వాడాను, దాని పేరు అనవసరం. అందులో చేసిన ప్రతి రవ్వ కేకూ అడుగు మాడి, నడుమ పచ్చి. ఈ పాన్ పోత లోహం కాబట్టి గోడలు మందంగా ఉంటాయి, వేడిని మెల్లగా తీసుకుని అన్ని వైపులా సమానంగా పంచుతుంది. మా అమ్మ భాషలో చెప్పాలంటే అడుగు మందం గిన్నె. పరమాన్నానికి ఏ గిన్నె తీస్తామో, కేకుకి ఇది అలాంటిది.

ఇప్పుడు నేను ఎక్కువగా చేసే బెల్లం రవ్వ కేకు చెప్తాను. మా అమ్మ గుడ్డు తినదు కాబట్టి గుడ్డు లేకుండానే. కప్పున్నర బెల్లం తురుముని అరకప్పు నీళ్లలో కరిగించి వడకట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. వడకట్టడం మానకండి, బెల్లంలో నలకలుంటాయి. వేడిగా పాలల్లో పోయకండి, విరిగిపోతాయి. 2 కప్పుల సన్న రవ్వలో 2 కప్పుల కమ్మటి పెరుగు, అరకప్పు పాలు, ఈ బెల్లం నీళ్లు కలిపి అరగంట నానబెట్టాలి. ఇక్కడ చలికాలంలో హీటరు గాలికి ఇంట్లో తేమ ఉండదు, రవ్వా మైదా బాగా ఎండిపోయి ఉంటాయి, అందుకని ఇంకో రెండు మూడు చెంచాల పాలు అడుగుతుంది. జులైలో అదే కొలత పెడితే జారుగా అయింది, కాబట్టి కొలతని కాదు, పిండిని చూసి కలపండి. ఇడ్లీ పిండి కంటే కాస్త జారుగా ఉండాలి. నానాక కప్పు మైదా, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూను సోడా, చిటికెడు ఉప్పు, టీస్పూను యాలకుల పొడి, కప్పు కొబ్బరి కోరు, ముప్పావు కప్పు కరిగించిన నెయ్యి వేసి కలిపి వెంటనే పాన్‌లో పోసెయ్యాలి. పాన్ మూడొంతుల్లో రెండొంతులకి మించి నింపకండి. లోపల ముదురు రంగు పూత ఉన్న పాన్ కాబట్టి 350 కాకుండా 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెడతాను. 50 నిమిషాలకి ఒక పొడుగాటి వెదురు పుల్ల గుచ్చి చూడాలి.

పాన్‌కి ఏం రాయాలన్న దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. వెన్న రాయొద్దు, నెయ్యి రాయండి. వెన్నలో పాల మడ్డి, నీరు ఉంటాయి, ఆ మడ్డే గోడలకి అంటుకుని కేకుని పట్టుకుంటుంది. నెయ్యి కాచేటప్పుడు ఆ రెండూ పోతాయి కదా. గడ్డకట్టిన నెయ్యి కాకుండా కరిగించినది, బ్రష్‌తో, ప్రతి మడతలోకి పోయేలా, ముఖ్యంగా గొట్టం చుట్టూ రాసి, మైదా చల్లి, తిప్పి తిప్పి, బోర్లించి సింకు మీద తట్టాలి. డబ్బాల్లో వచ్చే వంట స్ప్రేలు రోజూ కొడితే కొన్నాళ్లకి జిగురులా పేరుకుంటాయి, అది గోకితే పూత పోతుంది. మన ఇంట్లో నెయ్యి ఉండగా అవి అక్కర్లేదు.

ఇక తియ్యడం. ఇది రాయడానికే ఈ రివ్యూ మొదలుపెట్టానేమో. ఓవెన్ లోంచి తీసిన పాన్‌ని జాలీ మీద పెట్టి 10 నిమిషాలు టైమర్ పెడతాను. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ కాదు. ఆరో నిమిషానికి కేకు అంచు గోడని వదిలి, వెంట్రుకంత సందు చేసుకుంటుంది, గొట్టం చుట్టూ కూడా. పదో నిమిషానికి మీద ఒక పళ్లెం బోర్లించి, రెండు చేతులా గుడ్డ పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కసారి తిప్పేస్తాను. వెంటనే ఎత్తకూడదు. ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండదు. తర్వాత లోపల ఏదో మెత్తగా జారిన చప్పుడు, మణికట్టుకి బరువు మారినట్టు తెలుస్తుంది, పాన్ ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు పైకెత్తితే, ఆవిరితో పాటు బెల్లం, నెయ్యి, యాలకుల వాసన మొహానికి కొడుతుంది, ప్రతి మడత అంచూ కాచిన పాకం రంగులో మెరుస్తూ నిలబడి ఉంటుంది. నాలుగో చలికాలమైనా ఆ క్షణానికి మా అమ్మాయి హోంవర్కు వదిలేసి వచ్చి పక్కన నిలబడుతుంది.

ఆ 10 నిమిషాలు మాత్రం పది నిమిషాలే. ముందు తిప్పితే విరుగుతుంది. ఆలస్యం చేస్తే బెల్లం పాకంలా బిగుసుకుని గోడలని పట్టేస్తుంది. ఒకసారి నేను కేకు బయటపెట్టి, ఈలోపు మెట్ల మీద మంచు తీసొద్దామని వెళ్లి నలభై నిమిషాలు ఉండిపోయాను. వచ్చి తిప్పితే సగం పళ్లెంలో, సగం పాన్‌లో. తప్పు నాదే. అలా బిగుసుకుంటే పాన్‌ని వేడి ఓవెన్లో రెండు మూడు నిమిషాలు పెట్టి తీసి మళ్లీ తిప్పండి, నెయ్యి కరిగి వదులుతుంది. నాకు అప్పుడు తెలీదు. విరిగిన ముక్కల మీద వేడి పాలు పోసుకుని ముగ్గురం కప్పుల్లో తినేశాం. ఆ రోజు బయట మైనస్ 24 అని గుర్తు.

మిగతావాటిలో గసగసాల నిమ్మకాయ కేకు, డబ్బా మామిడిపండు గుజ్జుతో చేసే కేకు, మాగిన అరటిపళ్లూ ఖర్జూరాలూ వేసేది, ఇవన్నీ ఈ పాన్‌లో బాగా వచ్చాయి. మర్నాటికి ఇంకా రుచి. దిబ్బరొట్టె మాత్రం రాలేదు. మినప్పిండి, రవ్వ కలిపి ఓవెన్లో పెడితే ఆవిరి కుడుములా అయింది. దిబ్బరొట్టెకి ఇనప మూకుడు, అడుగున నూనె, సన్నని సెగ, మూత, ఇవే కావాలి. ఆ కరకరలాడే అడుగు కోసం దీన్ని పొయ్యి మీద పెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే వద్దు, ఇది పొయ్యి మీద పెట్టే గిన్నె కాదు.

నచ్చనివి కూడా చెప్పాలి. డిష్‌వాషర్లో వేసే సామాను కాదు ఇది, చేత్తో తోముకోవాలి. మడతల్లో పట్టింది ఇనప పీచుతో గీకకూడదు కాబట్టి గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడగాలి. చలికాలంలో చేతులు పగిలిపోయి ఉన్నప్పుడు ఆ పని కాస్త బాధే. 12 కప్పుల సైజు ఇద్దరే ఉన్న ఇంటికి చాలా ఎక్కువ, వారమంతా అదే తినాలి. వాళ్లే 6 కప్పులది కూడా చేస్తారు, చిన్న కుటుంబానికి అది చాలు. మంచు రేకుల డిజైనువీ, సుడి తిరిగినవీ దుకాణంలో చూస్తే మనసు లాగేస్తుంది గానీ, కొబ్బరి కోరు, రవ్వ, జీడిపప్పు ముక్కలు పడే మన పిండికి అంత సన్నటి చెక్కుడు పనికిరాదు, మొనలు సరిగ్గా పడవు. మొదటిసారి కొనేవాళ్లు పెద్ద మడతలున్న ఒరిజినల్ అచ్చే తీసుకోండి. నేను కొన్నప్పుడు 40 డాలర్ల లోపే అయింది.

ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. మిసిసిపీ నది ఒడ్డున మిల్ సిటీ మ్యూజియం ఉంది, ఒకప్పటి వాష్‌బర్న్ ఎ మిల్లు శిథిలాల్లో కట్టారు. ఒకప్పుడు ప్రపంచంలో ఎక్కువ పిండి ఆడించిన ఊరు ఇదే, సెయింట్ ఆంథొనీ జలపాతం నీటి బలంతో. 1878లో గాల్లో ఎగిరే పిండి ధూళి అంటుకుని అక్కడ మొదట కట్టిన మిల్లు పేలిపోయి 18 మంది చనిపోయారు. లోపల వంట ప్రయోగశాల ఒకటి ఉంది, పిల్లలకి చేసి చూపించి రుచి చూపిస్తారు. చలికి బయట తిరగలేని రోజు పిల్లల్ని తీసుకెళ్లడానికి మంచి చోటు. అక్కడి నుంచి వచ్చాక మా అమ్మాయి మైదా జల్లించేటప్పుడు లేచే ధూళిని చూసి స్టవ్ ఆపమంటుంది.

నిరుటి చలికాలం అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. పేరు నోరు తిరక్క ఈ పాన్‌ని బండ గిన్నె అనేది. సంక్రాంతికి అరిసెలు చేద్దామని బియ్యం నానబోసింది, నేను వద్దనలేకపోయాను. తడిపిండి ఆడించి పక్కన పెట్టి పాకం చూసేలోపు హీటరు గాలికి పిండి ఆరి పొడిబారిపోయింది. తడి ఆరిన పిండితో అరిసెలు ఎలా విరిగిపోతాయో తెలిసిందే కదా. అమ్మ మొహం చిన్నబోయింది. "ఏమే, పండగపూట ఏమీ చెయ్యకుండా ఎలా?" అంది. అప్పటికే పట్టిన పాకం ఉంది కదా, దానిలోనే నీళ్లు పోసి పలచన చేసి, నువ్వులు ఎక్కువగా వేసి, రవ్వ కేకు కలిపాం. పాన్‌కి మైదా బదులు నువ్వులు చల్లింది అమ్మ, అది నాకు ఎప్పుడూ తట్టలేదు. తిప్పి తీస్తే మడతలన్నిటికీ నువ్వులు అంటుకుని, అచ్చం నువ్వుల అరిసె పైపొర లాగే ఉంది చూడ్డానికి. దేవుడి దగ్గర పెట్టి, ఒక పావు భాగం పక్కింటావిడ పళ్లెంలో పెట్టి, మంచులో తనే పట్టుకెళ్లి ఇచ్చొచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది.

మార్చిలో తిరిగి వెళ్తూ తనకీ ఒకటి కావాలంది. ఇండియాలో ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, వాడేవాళ్లకి ఈ భాగం పనికొస్తుంది. 12 కప్పుల పాన్ పది అంగుళాల పైచిలుకు వెడల్పు ఉంటుంది, కొనేముందు మీ ఓవెన్ లోపలి కొలత టేపు పెట్టి చూసుకోండి. చుట్టూ వేడి గాలి తిరగడానికి కనీసం అంగుళం అంగుళం ఖాళీ ఉండాలి, పై కడ్డీకీ కేకుకీ మధ్య కూడా. కేకు పొంగి పాన్ అంచు దాకా వస్తుందని మర్చిపోకండి. మీది మైక్రోవేవ్ కూడా చేసే ఓవెన్ అయితే, మైక్రోవేవ్ మోడ్‌లో లోహపు గిన్నె పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. మండపేటలో అన్నయ్య వీడియో కాల్లో కొలిచి చూపించాడు, పెద్దది పట్టలేదు. 6 కప్పులది కొని, అమ్మ పట్టుచీరల మధ్య చుట్టి పెట్టింది. పైన రాసిన కొలతలో సగం, 160 డిగ్రీల సెల్సియస్, 35 నుంచి 40 నిమిషాలు, సగంలో ఒకసారి పాన్ తిప్పాలి, ఎందుకంటే చిన్న ఓవెన్లో వెనక పక్క వేడి ఎక్కువ.

మొన్న భోగి నాడు అమ్మ ఫోన్ చేసింది. కేకు ముక్క కెమెరా దగ్గరికి తెచ్చి చూపించి, "అక్కడ నీది ఫ్రీజర్ కొబ్బరి కదే, ఇక్కడ చెట్టు కాయ కొట్టి వేశాను, చూడు ఎంత తెల్లగా ఉందో" అంది.